ఆప్రికాట్ పులుపు తగిలిన నాలుక

అక్కా,
ఆప్రికాట్లకు గింజలు తీసి, పంచదార కలిపి పెద్ద గిన్నెలో ఉంచాను. సన్నసెగ మీద పెట్టి అడుగంటకుండా కలుపు. దించే ముందు నిమ్మకాయ పిండు. చల్లటి పళ్లెంలో జామ్ చుక్క జారకుండా నిలిస్తే చాలు. సీసాల్లో తడి ఉండకూడదు.

ఇంకా నీరసంగా ఉన్నానని నిన్న నువ్వు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదని అలిగాను, నిజమే. కానీ జ్వరంతో నోటికి రుచే తెలియకుండా పోయినప్పుడు, "వంటమనిషికి నాలుకేగా జీవనం" అని నేను ఏడిస్తే, మూడు నెలలు రోజూ ఏదో ఒకటి నోట్లో పెట్టి "తగిలిందా?" అని అడిగావు. మొన్న ఆప్రికాట్ ముక్క పుల్లగా తగిలితే నాకంటే ముందు నువ్వే ఏడ్చావు. సొంత అక్కయినా ఇంత చెయ్యదు. ఇవాళ మళ్లీ హాస్టల్ వంటగదికి వెళ్తున్నానంటే నీ చలవే.

నీ తోడికోడలు

పంచదార మళ్లీ వెయ్యకు. నేనే రుచి చూశాను, సరిపోయింది.