ఎనిమిదో రీలు తర్వాత పదో రీలు

ఆగస్టు 3, ఆదివారం

కుప్పంలో మా ఆవిడ రాధ వాళ్ళ పిన్నమ్మ మనవరాలి పెళ్ళి. ఆ పక్క ఊళ్ళోనే రాధ తొమ్మిదేళ్ళు టీచరుగా చేసింది కదా, అడుగడుక్కీ ఎవరో ఒకరు పలకరింపు. ఎట్లాగో భోజనాలకు కూర్చున్నాం. చారు పోస్తున్నారు. అవతల స్టేజి మీద కీబోర్డతను, మేం మాస్టరు అని పిలుచుకునే సంగీత దర్శకుడి సినిమాల బిట్లు ఒక్కొక్కటే వాయిస్తున్నాడు. పర్వాలేదు, చెయ్యి తిరిగినవాడే. అంతలో రైలు బిట్ ఎత్తుకున్నాడు — సినిమాలో హీరోయిన్ రైలెక్కి వెళ్ళిపోయేటప్పుడు వచ్చే ఫ్లూట్. అందరికీ తెలిసిందే. కానీ ఫ్లూట్ చివరి స్వరం ఇంకా దిగనే లేదు... వయొలిన్లు వచ్చి పడ్డాయి.

చెయ్యి ఆకులోనే ఆగిపోయింది.

అలా ఉన్నది ప్రపంచంలో ఒక్కచోటే. మదనపల్లెలో, నా బీరువాలో.

"యాల ఆపితిరి, కారమా?" — రాధ. ఏం లేదన్నాను. తను స్టేజి వైపు చూసి, "బాగా వాయిస్తాండాడు" అంది.

ఆగస్టు 4

నిద్ర సరిగా లేదు. కోపంలో తికమక పడకుండా అంతా వరసగా రాసి పెట్టుకుంటాను.

అప్పట్లో పాటలు క్యాసెట్లుగా వచ్చేవి. నేపథ్య సంగీతం రాదు. మాస్టరు ప్రాణమంతా పెట్టేది అందులోనే, అదే దొరకదు. నేను పుంగనూరులో లైన్‌మన్‌ను. నంజప్ప అక్కడి థియేటర్లో ఆపరేటరు. మ్యాట్నీకి వాడి క్యాబిన్లో దూరి, స్పీకరు ముందు టేప్ రికార్డరు పెట్టేవాణ్ణి. పక్క ఊరి టూరింగ్ టాకీసుకూ వీళ్ళకూ ఒకటే ప్రింటు. అక్కడ ఆడిన రీళ్ళు రెండు మూడేసి చొప్పున మోపెడ్ మీద వచ్చేవి. డబ్బాలు దిగేసరికి హడావుడి. ఆ రోజు ఎనిమిదో రీలు తర్వాత తొమ్మిది బదులు పది ఎక్కింది.

రైలెక్కిన మనిషి మరుక్షణంలో తిరిగొచ్చి అతన్ని పట్టుకుని ఏడుస్తోంది. రెండో ప్రొజెక్టరు కాస్త ముందే అందుకున్నందువల్ల ఫ్లూట్ మీదే వయొలిన్లు. జనం కాసేపు కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఆ తర్వాత మొదలయ్యాయి ఈలలు, కేకలు.

మాస్టరు కూడా అలా కలపలేదు. కానీ నాకు అసలు దానికంటే ఇదే ఇష్టం. ఎప్పుడు పెట్టినా ఫ్లూట్ దగ్గర్నుంచి ఈలల దాకా వేస్తాను. దానికి ముందున్నది ఎవరికీ అక్కర్లేదు.

ఆ క్యాసెట్ గడప దాటింది ఒక్కసారే. ఇరవై ఏళ్ళ కింద టేపు తెగితే అతికించమని నంజప్పకు ఇచ్చాను. వారం పెట్టుకున్నాడు. వినలేదన్నాడు. చేతిలో వారం పాటు ఉంచుకుని వినని వాడు ఉంటాడా?

ఆగస్టు 7

నంజప్పకు ఫోన్ చేశాను.

"కుప్పంలో ఎవడో మన రైలు బిట్ వాయిస్తాండాడు రా..."



"ఏ రైలు బిట్టు?"

"నీకు తెలీదా?"

"షాపులో మనుషులుండారు గోపాలా, మళ్ళా చేస్తా."

చెయ్యలేదు. ఇప్పుడు వాడిది మిక్సీలు బాగుచేసే షాపు. అక్కడ ఉదయం ఎనిమిదికి ఏ మనుషులు?

ఆగస్టు 10, ఆదివారం

పెళ్ళి వల్ల మా నెలవారీ కూడిక ఈ వారానికి వాయిదా పడింది. మా మేడ మీద గదిలో పదకొండు మంది, మాస్టరు సంగీతం తప్ప ఇంకో మాట ఉండదు. కావాలనే రైలు బిట్ పెట్టాను. నంజప్ప ముఖం మీదే నా కళ్ళు.

ఫ్లూట్ మొదలైంది. వాడు లేచాడు. "బీడీ తాగొస్తా."

ఇప్పుడు తలుచుకుంటే... ఎప్పుడూ అంతే! ఈ బిట్ పెట్టిన ప్రతిసారీ వాడికి బీడీ గుర్తొస్తుంది. ఇన్నేళ్ళు పట్టించుకోని నాదే బుద్ధితక్కువ.

ఆగస్టు 11

ఉదయం మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను — "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకున్నాను. తెగిన టేపు అతికిస్తానని తీసుకుని కాపీ చేసి పంచేవాళ్ళు స్నేహితులా?"

పేరు రాయలేదు. రాయాల్సిన పని లేదు. గంటలోపు నంజప్ప గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

రాధ చదివింది. "నంజప్పన్న అట్లాంటి పని చేసే మనిషి కాదు. నలభై ఏండ్ల స్నేహం, తీసేయండి దాన్ని."

ఈమె ఎందుకు వెనకేసుకొస్తోంది?

ఆగస్టు 13

రుజువు కావాలి. పెన్షన్ పని అని చెప్పి కుప్పం బయల్దేరాను. పుంగనూరులో బస్సు ఆగింది. కిటికీలోంచి నంజప్ప షాపు కనిపిస్తూనే ఉంది. తల వంచుకుని ఏదో బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు. నేను దిగలేదు.

కీబోర్డతని పేరు మురళి. సెల్‌ఫోన్ షాపు. పెళ్ళిలో విన్నానన్నాను, మెచ్చుకున్నాను. మెల్లగా అడిగాను.

"ఆ రైలు బిట్ యాడ నేర్చుకుంటివప్పా?"

"నేర్చుకునేదేముంది సార్. ఒకటో తరగతిలో ఇన్నా. మద్యాన్నం అన్నాలు తిన్నాక టీచరమ్మ మమ్మల్ని పండుకోబెట్టి ఇది కూనిరాగం తీస్తా ఉండె."

"సినిమాలో ఇట్ల లేదే?"

"లేదు సార్, పెద్దయినాక సూసినా. సినిమానే తప్పు అనిపించింది నాకు." నవ్వాడు.

"ఏ టీచరమ్మ?"

"రాధమ్మ టీచరు. మదనపల్లె నుంచి సోమారం వచ్చి శనారం పోతా ఉండె. మీకు తెలుసా సార్?"

తెలీదన్నాను.

ఆగస్టు 14

రాధ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని, ఆ బిట్ ఎప్పుడు విన్నావని అడిగేశాను.

"వినకుండా యాడికి పోదును?" అంది. "ఆదివారమైతే చాలు, కుక్కర్ ఆపు, కుళాయి కట్టు, బిట్ వస్తాంది మాట్లాడొద్దు అంటిరి. కుక్కర్ ఆపిన మనిషికి చెవులుండవా?"

"పిల్లల దగ్గర..."

"ఆ ఊళ్ళో ఒక్కదాన్నే ఉంటి. ఇల్లు గుర్తొస్తే అదే నోటికొచ్చేది. పిల్లకాయలు నిద్రపోతా ఉండ్రి. ఈలలు, కేకలు మాత్రం వదిలేస్తి, లేస్తారని."

కాస్త ఆగి, "ఇంటి దొంగ నేనే. అదీ పెట్టండి గ్రూపులో" అంది. నవ్వలేదు.

సిగ్గేసింది. ముప్పై ఏళ్ళకు పైగా ఆమె వంటింట్లో నిలబడి వింది. వచ్చి కూర్చో అని ఒక్కసారైనా అనలేదు నేను.

ఆగస్టు 15

గ్రూపులో తీసేశాను. తప్పు నాదని రాశాను. చదవాల్సినవాడు అందులో లేడు. ఆరుసార్లు ఫోన్. ఎత్తలేదు.

ఆగస్టు 17

పుంగనూరు. షాపు. కూర్చోమనలేదు. మురళి సంగతి, రాధ సంగతి అంతా చెప్పి, "తప్పయిపోయింది రా" అన్నాను. స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"దాన్ని నేను యాల పంచుతానప్పా? ఆ దినం ఓనరు పైకొచ్చి అందరి ముందర సెంప మీద కొట్టె. తొమ్మిదికీ పదికీ తేడా తెలీదా అని. ఆ బిట్టు వస్తే ఈ సెంప మండుతాది. నీకు ఇష్టమని వస్తాండాను, బీడీ అని లేచి పోతాండాను."

నలభై ఏళ్ళు. నెలనెలా పిలిచి, కాఫీ ఇచ్చి, వాడికి ఆ దెబ్బ వినిపించాను.

టీ తెప్పించాడు. ఇద్దరం తాగాం. వచ్చేశాను — చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండానే.

ఆగస్టు 18

ఆ మాట ఇక్కడైనా రాయాలి.

ఆ రోజు క్యాబిన్లో వాడు ప్రొజెక్టరు దగ్గర వంగి ఉన్నాడు. చెయ్యి వెనక్కి చాపి "తొమ్మిది" అన్నాడు. నా కళ్ళు టేప్ రికార్డరు మీద. చూడకుండా చేతికందిన డబ్బా ఇచ్చాను. నేనిచ్చానన్న నమ్మకంతో వాడు నంబరు చూసుకోలేదు.

ఓనరు కొట్టినప్పుడు నంజప్ప నా వైపు ఒక్కసారి చూశాడు. నేను వైరు చుట్టుకుంటున్నాను.

గుమ్మడికాయలు, భుజాలు అని రాశాను మొన్న. ఎవరి భుజాలు?

ఆగస్టు 20

నంజప్ప నుంచి మెసేజ్. "ఆదివారం వస్తా. ఆ టేపు తీసి పెట్టు. మొదట్నించీ ఇంటా."

మొదట్నించీ — ఎందుకలా అన్నాడు?

ఆగస్టు 23

తలుపేసుకుని మొదట్నించీ విన్నాను. ఎన్నేళ్ళయిందో. ఫ్లూట్‌కు ముందు, ప్రొజెక్టరు చప్పుడు మధ్యలో, వాడి గొంతు: "తొమ్మిది." డబ్బా మూత శబ్దం. తర్వాత నా గొంతు, పడుచు గొంతు: "ఇంద."

రికార్డు బటన్ ఒక్క పది సెకన్లు నొక్కితే చాలు. అంతా పోతుంది. వేలు బటన్ దాకా వెళ్ళింది.

ఆ వారం రోజులు టేపు వాడి దగ్గరే ఉంది కదా. అతికించిన వాడు అతుకు పట్టిందో లేదో వేసి చూడడూ? విని ఉంటే... ఇరవై ఏళ్ళుగా తెలుసా వాడికి? తెలిసే బీడీకి వెళ్ళేవాడా?

ఆగస్టు 24, ఆదివారం

ఉదయం పదకొండు. టేపు మొదటికంటా తిప్పి పెట్టాను. చెరపలేదు. ఇంకా చెరపలేదు.

రాధ కుక్కర్ కట్టేసింది. నేను చెప్పలేదు. చెయ్యి తుడుచుకుంటూ పైకి వచ్చి, నంజప్ప ఎప్పుడూ కూర్చునే కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుంది. "నేనూ మొదట్నించీ ఇంటా" అంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. సగంలో ఆగింది. బీడీ వాసన.