కట్ అంటే లేచే కుక్క

1955 జూన్ 5, ఆదివారం

స్టూడియోవాళ్ళు ఈయనకిచ్చిన డైరీ ఇది. ఏడాది సగం కావస్తోంది, ఒక్క అక్షరం పడలేదు. నేను తీసుకున్నాను. థర్డ్ ఫారం దాకా చదివానన్నమాటే గానీ పెళ్ళయ్యాక పోస్టుకార్డు తప్ప ఏం రాశాను గనక.

ఇవాళ నేను గెలిచాను. అందుకే రాయబుద్ధయింది.

కెప్టెన్‌కి పెరట్లో కెన్నెల్ తయారయింది. నాలుగు గుంజలు, రేకు కప్పు, చుట్టూ ఇనప వల. ఇన్నాళ్ళూ ఆ ఆల్సేషియన్ దొరగారు హాల్లో ఈయన మంచం పక్కన పడుకునేవాడు. అన్నం గిన్నె మూత తీస్తే వెంట్రుక. అత్త పూజకి ఆరేసుకున్న చీర కింద వాడు. మా నాలుగేళ్ళ పిల్ల కుముద వాడి పొట్ట మీద తల పెట్టుకుని నిద్రపోతుంది, చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది. సినిమాలో వేషం వేసే కుక్క అయితే మాత్రం, పళ్ళు పళ్ళు కావా?

ఈయన ఒప్పుకోలేదు. పనిచేసే కుక్క యజమాని గొంతు వింటూ నిద్రపోవాల, అప్పుడే సెట్లో వెయ్యి మంది అరిచినా మన మాటే దానికి వినపడతాదే అలమేలూ అంటారు. చివరికి ప్రొడక్షన్ మేనేజర్ పరంధామయ్యగారే నా పక్షాన వచ్చారు. ఇంట్లో పండేసే కుక్క ఔట్‌డోర్‌కి పనికిరాదయ్యా కోదండం, ఎండకీ వానకీ అలవాటు పడాల, బయట కట్టు అన్నారు. ఆ ముక్క పట్టుకుని వారం రోజులు సాధించాను.

జూన్ 12

కెప్టెన్‌కి కొత్త సినిమాలో పెద్ద సీను. విలన్ పెట్టిన విషపు పాలు హీరో బదులు వీడు తాగుతాడు. తూలుతాడు, ముందుకాళ్ళు మడుస్తాడు, పక్కకి ఒరిగి కళ్ళు మూస్తాడు. నురగకి కోడిగుడ్డు తెల్లసొన. ఈయన కట్ అనేదాకా ఈగ వాలినా కదలకూడదు. కట్ అనగానే ఎగిరి లేవాలి.

రోజూ పెరట్లో ప్రాక్టీసు. వాడితోపాటు కుముద కూడా తూలి, పడి, నాలిక బయటపెట్టి చస్తుంది. కట్ అంటే ఇద్దరూ లేస్తారు. అత్త, చావు ఆటలేందే పిల్లకి, ఇంక ఆటలే లేవా అని అరుస్తుంది.

సాయంత్రం ఈయన లోపలికి వచ్చేస్తుంటే, ఎవరూ చెప్పకుండానే వాడు వల వెనక తూలి పడ్డాడు. లోపలికి తీసుకుపోతారని ఆశ. ఈయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చూడనట్టు ఊరుకున్నాను.

జూన్ 28, పొద్దున ఆరున్నర

నీళ్ళు తోడడానికి పెరట్లోకి వెళ్ళాను. కెన్నెల్ దగ్గర నక్క.

రైలు కట్ట అవతల తుమ్మ పొదల్లో ఉంటాయని తెలుసు. తెల్లారాక ఇళ్ళ మధ్యకి రావడం ఎప్పుడూ చూడలేదు. వలకి మూతి ఆనించి నిలబడింది. హోయ్ అని అరిచాను, కదల్లేదు. చెంబు విసిరాను. వీపుకి తగిలింది, అయినా నన్నే చూస్తూ కాసేపు నిలబడి, మెల్లగా నడుచుకుంటూ పోయింది.

కెప్టెన్ కుడి చెవి అంచున రక్తం. వల గీసుకుని ఉంటుంది. కడిగి పసుపు అద్దాను.

ఈయనతో చెప్పలేదు. చెబితే ఈ పూటే వాడి పరుపు మళ్ళీ హాల్లోకొస్తుంది. నేను గెలిచి నిండా నెల కూడా కాలేదు.

జూలై 10

చెవి మానిపోయింది. ఎవరూ అడగలేదు.

ఆగస్టు 9, మధ్యాహ్నం మూడు

కెప్టెన్ కుముదని కరిచాడు.

వలలోంచి చెయ్యి పెట్టి బిస్కెట్ ఇచ్చిందట. ఎన్నిసార్లు ఇచ్చిందో, ఎప్పుడూ పెదవులతోనే అందుకునేవాడు. ఇవాళ మణికట్టు మీద మూడు పళ్ళ గాట్లు. సబ్బు పెట్టి రుద్ది కడిగాను. పిల్ల ఏడవలేదు, కెప్టెన్‌ని కొట్టొద్దమ్మా అంటోంది. ఈయన కోసం స్టూడియోకి కబురు పంపాను. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

సాయంత్రం ఏడు

పార్క్ స్టేషన్ దాకా రైల్లో వెళ్ళి పెద్దాసుపత్రిలో చూపించాము. డాక్టరు కళ్ళజోడు పైనుంచి చూసి, మీ కుక్కేనా అన్నారు. అయితే కట్టేసి పది రోజులు చూడండి, పదో రోజుకి బాగుంటే భయం లేదు, ఏ కాస్త తేడా ఉన్నా ఆ క్షణమే రండి అన్నారు. సూదులు బొడ్డు చుట్టూ పధ్నాలుగట. ఆ మందుతోనే ఒక్కొక్కరికి కాళ్ళు చేతులు పడిపోతాయట, అందుకని ఊరికే వెయ్యరట.

తర్వాత ఒక మాట అడిగారు. ఈ రెండు మూడు నెలల్లో మీ కుక్కని వీధికుక్క గానీ నక్క గానీ కరిచిందా, అట్లయితే ఇవాళే మొదలుపెట్టాలి అన్నారు.

లేదు సార్, వాడు ఎప్పుడూ కెన్నెల్లోనే గదా ఉండేది అని ఈయన చెప్పి, అంతే గదా అన్నట్టు నావైపు చూశారు. పక్కన అత్త. ఒళ్ళో కుముద.

నేను తల ఊపాను.

ఎందుకు ఊపానో నాకే తెలియదు. అది వల గీతే అయ్యుండొచ్చు. నక్క పన్ను పడడం నేను కళ్ళారా చూడలేదు. సూదులతోనే కాళ్ళు పడిపోతే? ఇట్లా ఎన్నైనా రాయొచ్చు. అసలు సంగతి, నాకు ఈయనంటే భయం వేసింది. ఆరు వారాలు దాచిన మాట ఆ బల్ల ముందు బయటికి రాలేదు.

ఆగస్టు 10

అన్నం తిన్నాడు. నీళ్ళు తాగాడు. లెక్క పంతొమ్మిదో తారీకు దాకా.

ఆగస్టు 11

తిన్నాడు. తాగాడు. నేనే తినలేదు.

ఆగస్టు 13

ఎలా రాయాలో తెలియడం లేదు.

అయిదు గంటలకి పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. నన్ను చూడగానే కెప్టెన్ తూలాడు. ముందుకాళ్ళు మడతపడ్డాయి. పక్కకి ఒరిగిపోయి, నాలిక బయటపెట్టి, కళ్ళు మూశాడు. పళ్ళెం నా చేతిలోంచి జారిపోయింది. అయిపోయింది, నా బిడ్డ అయిపోయింది అనుకున్నాను. లోపలికి పరిగెత్తి ఈయన చొక్కా పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాను. ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి, నన్ను చంపినా సరే చెప్పాలి అన్నాను.

ఈయన నా భుజం మీదుగా కెన్నెల్లోకి చూశారు. నవ్వారు. కట్ అన్నారు.

కెప్టెన్ ఎగిరి లేచాడు. తోక ఊపాడు.

లోపలికి రావాలని నాటకం ఆడతా ఉండాడే దొంగ, ఆడ హాల్లో పరుపుండాదని వానికి జ్ఞాపకం అన్నారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నేనూ అక్కడే కూలబడి నవ్వాను. ఏమో చెప్తానంటివే అని అడిగారు.

బియ్యం అయిపోయినాయి అన్నాను.

ఆగస్టు 15

జెండాల పండగ. వీధిలో పిల్లలకి చాక్లెట్లు పంచారు. కుముద ఒకటి తిని ఒకటి కెప్టెన్‌కని దాచింది. చెంప పగలగొట్టాను. అత్త, నీకు పిచ్చి పట్టిందా ఏమ్మే అంది. ఆ మాట వినలేక వంటింట్లోకి వచ్చేశాను.

వాడు సగమే తిన్నాడు.

ఆగస్టు 16

మొరుగుడు మారింది. బొంగురుగా, చివర సాగదీస్తున్నాడు. గొంతులో ఎముక ఇరుక్కుని ఉంటాదని ఈయన నోరు తెరిచి మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికారు. వద్దండీ, వద్దు, తీసేయండి అని మొత్తుకున్నాను. ఎందుకే అంత గోల, వాడు నన్ను కరుస్తాడా అన్నారు. ఏమీ దొరకలేదు. చెయ్యి పంచెకి తుడుచుకున్నారు.

చెప్పు, చెప్పు, ఇప్పుడే చెప్పు అని లోపల ఎవరో అరుస్తున్నారు. మూడు రోజులేగదా ఉంది, పంతొమ్మిది దాటితే ఎవరికీ చెప్పే పనే ఉండదు అని ఇంకెవరో. ఇద్దరూ నేనే. వెంకటేశ్వరస్వామికి తలనీలాలు మొక్కుకున్నాను, నావీ పిల్లవీ.

ఆగస్టు 17

పొద్దున నేనే ముందు వెళ్ళాను.

నీళ్ళ చట్టి నిండుగా ఉంది. వాడు దాని ముందు నిలబడి మూతి పెడుతున్నాడు, మింగలేకపోతున్నాడు. చొంగ తీగలుగా కారుతోంది. నన్ను చూసి నాలుగడుగులు వేశాడు. తూలాడు. పడ్డాడు.

కట్ అన్నాను.

చెవులు లేచాయి. తల ఎత్తాడు. ముందుకాళ్ళు నేలకి తన్నిపట్టి లేవబోయాడు. వెనకకాళ్ళు రాలేదు.

కట్, కట్ రా, నాయనా, కట్ అని అరిచాను. మళ్ళీ ప్రయత్నించాడు. మాట వినాలనే చూశాడు. తోక చివర ఒక్కసారి నేలకి కొట్టుకుంది. వాడిది నటన కాదు. నాది ఇన్నాళ్ళూ నటన.

వెనక ఈయన నిలబడి ఉన్నారు. అప్పుడు చెప్పాను. నక్క, చెంబు, చెవి, పసుపు, ఆసుపత్రిలో తల ఊపడం, అన్నీ. ఈయన లోపలికి వెళ్ళి నిద్రపోతున్న కుముదని దుప్పటితో సహా ఎత్తుకుని స్టేషన్ వైపు నడవడం మొదలుపెట్టారు. నేను చెప్పుల్లేకుండా వెనకాల పరిగెత్తాను.

డాక్టరుకి నేనే చెప్పాను. ఎనిమిది రోజులు పోగొట్టారమ్మా అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. కుముదకీ, ఈయనకీ, నాకూ ముగ్గురికీ మొదటి సూది వేశారు. మందు పనిచేస్తుందా అని అడిగితే, పనిచేయాలనే వేస్తున్నాం అన్నారు.

ఆగస్టు 18

కెప్టెన్ పోయాడు. పరీక్షకి తల కావాలని మనుషులు వచ్చి తీసుకెళ్ళారు. ఈయన దగ్గరుండి పంపించారు. నేను కుముదని ముందు గదిలో పెట్టుకుని చెవులు మూశాను.

సాయంత్రం ఈయన పీట మీద కూర్చుని, నిన్నటి నుంచి మొదటిసారి మాట్లాడారు. నక్క వచ్చిన రోజే నువ్వు చెప్పుంటే నేనేం చేసుంటాను, లోపలికి తెచ్చుంటాను, పిల్ల పక్కలో పండేసుంటాను అన్నారు.

నన్ను క్షమించడానికి అన్నారో, తనని తాను తిట్టుకోవడానికి అన్నారో తెలియలేదు.

ఆగస్టు 21

పరీక్ష కాగితం వచ్చింది. పిచ్చే.

ఆగస్టు 24

ఎనిమిదో సూది. పిల్ల పొట్ట గట్టిగా, ఎర్రగా కదుములు కట్టింది. నేను చేతులు పట్టుకుంటాను, ఈయన కాళ్ళు పట్టుకుంటారు. కాంపౌండరు సూది ఎత్తగానే కుముద గట్టిగా కట్ అంది. ఆయనకి అర్థం కాలేదు, పొడిచేశాడు. మళ్ళీ కట్ అంది. ఈయన కాళ్ళు వదిలేసి వరండాలోకి వెళ్ళిపోయారు.

ఆగస్టు 30

పధ్నాలుగు అయిపోయాయి. ఇంక చూస్తూ ఉండడమే అన్నారు డాక్టరు. ఎన్నాళ్ళు అంటే, మూడు నెలలు గడిస్తే కొంచెం ధైర్యం అన్నారు. మందు వల్ల కాళ్ళు తిమ్మిరెక్కినా, నడక తూలినా వెంటనే తీసుకురమ్మన్నారు. నీళ్ళు వద్దన్నా సరే. ఇవి రెండూ నాకు చెప్పనక్కర్లేదు.

పరంధామయ్యగారు పలకరించడానికి వచ్చారు. వచ్చే సినిమాకి కొత్త కుక్కపిల్ల కావాలట. ఈసారి ఇంట్లోనే పెంచు కోదండం, బయట కాపలా ఎవరుండారు అన్నారు. ఈయన లేచి కెన్నెల్ రేకులు ఊడబీకడం మొదలుపెట్టారు. ఆయన కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు.

సెప్టెంబరు 19

కుముద నీళ్ళు తాగింది. రోజుకి ఎన్ని గ్లాసులో గోడ మీద బొగ్గుతో గీస్తున్నాను. అత్త తిట్టడం మానేసింది.

అక్టోబరు 11, మధ్యాహ్నం

కుముద హాల్లోంచి తూలుకుంటూ వచ్చి, మోకాళ్ళు మడిచి, నా కాళ్ళ దగ్గర పడిపోయింది. నాలిక బయటికి, కళ్ళు మూతలు.



కట్ అన్నాను.

లేచింది.