మా వాడ కింద ఫైబర్

గౌడవెల్లి,
మార్చి

రోడ్ల ఇంజనీరు సరళ గారికి, రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ జలాల్ చేసే సలాములు.

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఊరందరి ఉత్తరాలు మోశాను. ఒక ఆఫీసరుకు నేనే ఉత్తరం రాయడం ఇదే మొదలు. పంచాయతీ గోడకు మీ వాళ్లు అంటించిన కాగితం చదివాను. ‘ఈ వాడలో ప్రయోగాత్మకంగా ఫైబర్ వేయబడును’ అని ఉంది. కింది సగం మీద ఎవరో తూంకుంట ప్లాట్ల పోస్టరు అంటించి పోయారు. నాకు పై సగం చాలు.

నా భార్య సాలేహాకు గుండె బలహీనం, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. చూపించే డాక్టరు మేడ్చల్‌లో ఉంటాడు. వానాకాలం మా వాడ బురదలోకి ఏ ఆటో దిగదు. పోయిన ఏడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నేనూ మా పక్కింటి భిక్షమూ మెయిన్ రోడ్డు దాకా మోశాం. రోడ్డు కావాలని అడిగి అడిగి ఊరుకున్నాం. అడగకుండానే మీరు ఫైబర్ వేస్తున్నారు. ఇక డాక్టరు మాకు అందుబాటులోకి వచ్చినట్టే. అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి.

మూడే సందేహాలు. స్పీడు ఎంత వస్తుంది? వానకు ఆగిపోతుందా? బాక్సు ఎక్కడ పెడతారు? ఫ్రిజ్ పక్కన గోడ తుడిచి ఉంచాను.

మీ మేలు మరువని,
జలాల్

తా.క.: భిక్షం తన బర్రెల కొట్టం దాకా కూడా కనెక్షన్ ఇస్తారా అని అడగమన్నాడు. అతను ఎక్కువసేపు అక్కడే ఉంటాడు.


మేడ్చల్,
మార్చి

జలాల్ గారికి సరళ నమస్కారాలు.

పని మొదలుకాక ముందే కృతజ్ఞతలు చెప్పిన మనిషిని ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి చూస్తున్నాను. మామూలుగా మాకు వచ్చే ఉత్తరాలు చదివితే రాత్రికి అన్నం సయించదు. మీది నా బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాను.

మీ సందేహాలకు జవాబులు. స్పీడు బాగానే వస్తుంది, కానీ దయచేసి ముప్పై దాటకండి. పిల్లలు ఆడుకునే వాడ. వానకు ఆగదు. అసలు వాన కోసమే ఈ ఫైబర్. బాక్సు మీ గోడకు అక్కర్లేదు. నీళ్లు పోయే చోట పెడతాం. కనెక్షన్ మెయిన్ రోడ్డు నుంచి వాడ చివరి దాకా ఉంటుంది.

ఇట్లు,
సరళ

తా.క.: భిక్షం గారి కొట్టం దాకా తప్పకుండా వేస్తాం. బర్రెలు తొక్కితే ఇంకా గట్టిపడుతుంది.


గౌడవెల్లి,
ఏప్రిల్

పెద్ద మనసున్న సరళ గారికి జలాల్ సలాములు.

మీ జవాబు వాడంతా చదివి వినిపించాను. ఇప్పుడు నాకు చాలా మర్యాద పెరిగింది. నేను వెళ్తే మంచం మీద దుప్పటి మార్చి కూర్చోబెడుతున్నారు.

స్పీడు ముప్పై అంటే మాకు ఎక్కువే. మా డాక్టరు మాట్లాడేదే నిదానంగా. బాక్సు నీళ్లు పోయే చోట అన్నారు కాబట్టి, గిన్నెలు కడిగే తొట్టి పైన చెక్క కొట్టించాను. సాలేహాకు నచ్చలేదు. “కరెంటు వస్తువు నీళ్ల కాడ వెడ్తరా, షాక్ కొడ్తది గదా” అంది. ఇంజనీరమ్మకు తెలియదా అని సర్దిచెప్పాను.

భిక్షం మాత్రం ఆగలేకపోయాడు. కొట్టంలోకి పెద్ద టీవీ కొన్నాడు. బర్రెలు దాన్ని చూసి బెదిరి ఆ రోజు పాలు ఇవ్వలేదట.

మీ రాక కోసం ఎదురుచూసే,
జలాల్

తా.క.: తొక్కితే గట్టిపడుతుంది సరే, బర్రెలు నమిలితే ఏమవుతుందని భిక్షం భార్య సాలమ్మ అడుగుతోంది.


మేడ్చల్,
ఏప్రిల్

జలాల్ గారికి సరళ నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డాక్టరు మాట్లాడే తీరుకూ మా పనికీ సంబంధం ఏమిటో తెలియలేదు. తొట్టి పైన చెక్క ఎందుకో కూడా తెలియలేదు. మా ఇంట్లో మావారు కూడా నేను చెప్పనివి చేస్తుంటారు, అందుకని పెద్దగా ఆశ్చర్యపోలేదు. భిక్షం గారు టీవీని పని పూర్తయ్యాక తెప్పించుకుని ఉంటే బాగుండేది. మీ వాడ గుంతల్లో అద్దం పగలలేదంటే అదృష్టవంతులు.

ఒక సాయం అడగాలి. మా గోదాములో చోటు లేదు. ఫైబర్ సంచులు మీ వరండాలో పెట్టుకుంటారా? లారీ డ్రైవరు ధర్మేందర్ తెచ్చి దించుతాడు. మీలాంటి నమ్మకమైన మనిషి ఆ వాడలో ఉండటం నా అదృష్టం.

ఇట్లు,
సరళ

తా.క.: బర్రెలు నమలకుండా చూడండి. అది ప్లాస్టిక్.


గౌడవెల్లి,
మే
అర్జెంటు

సరళ గారికి జలాల్ సలాములు.

మోసం జరిగింది. సంచులు వచ్చాయి. ఒకటి విప్పి చూశాను. ఎవరో పాపాత్ములు ఫైబర్‌ను వేలి కణుపంత ముక్కలుగా కోసేశారు. ఒక్కటంటే ఒక్కటి పొడుగుది లేదు. అన్ని సంచుల్లోనూ అదే కథ.

ధర్మేందర్‌ను అడిగితే, “నాకేం ఎరుక చాచా, గట్లనే ఎక్కించిన్రు, గట్లనే దించిన” అన్నాడు. నేను పోస్టాఫీసులో పనిచేసినవాణ్ణి. పార్సిల్ చిరిగి వస్తే తెచ్చినవాణ్ణి ఊరికే పంపం. మీ దగ్గర నుంచి జవాబు వచ్చేదాకా మా ఇంట్లోనే ఉండమన్నాను. మర్యాదగానే చూసుకుంటున్నాం. సాలేహా అతనికి ఖీమా వండింది.

చేతులు ముడుచుకుని కూర్చోలేక వాడలోని ఆడవాళ్లందరూ వరండాలో చేరి ముక్కకు ముక్క ముడి వేస్తున్నారు. సాలమ్మ చెయ్యి చురుకు. పొద్దుటి నుంచి మా గుమ్మం దాటేంత పొడుగు వచ్చింది. ఈ లెక్కన ఇంటర్నెట్ మేడ్చల్ నుంచి మా ఇంటికి ఎప్పటికి చేరుతుందో. సాలేహా డాక్టరును ఫోన్లో చూసేది ఎప్పుడో.

పరేషాన్‌లో ఉన్న,
జలాల్

తా.క.: ముడులు ఎక్కువైతే స్పీడు తగ్గుతుందా?


మేడ్చల్,
మే

జలాల్ చాచాకు సరళ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఆఫీసులో గట్టిగా నవ్వాను. ఆ తర్వాత సాలేహా గారి పేరు ఉన్న చోట ఆగిపోయాను. ఇక నవ్వలేకపోయాను.

ఇది ఇంటర్నెట్ ఫైబర్ కాదు చాచా. రోడ్డు కింద మట్టిలో కలిపే పోగులు. మీ వాడ నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లు తీస్తుంది. కింద నేల అలా కదులుతుంటే పైన ఎంత మంచి తారు పోసినా నిలవదు. ఈ పోగులను ఆ మట్టిలో కలిపి, తగినంత తడిపి, రోలరుతో తొక్కిస్తే అవి మట్టిని పట్టి ఉంచుతాయి. మట్టిగోడ పెట్టేటప్పుడు గడ్డి కలుపుతారే, అలాంటిదే. దాని మీద కంకర, ఆపైన తారు. స్పీడంటే బండి స్పీడనీ, బాక్సంటే నీళ్లు పోయే తూము అనీ నేను అనుకున్నాను.

మీరు చెప్పిన కృతజ్ఞత వేరే ఫైబర్‌దని ఇప్పుడు తెలిసింది. అద్దం కింద ఉత్తరం తిరిగి ఇవ్వమంటే ఇచ్చేస్తాను. మీరు ఆశపడ్డది నేను ఇవ్వలేను. నా చేతనైంది రోడ్డు ఒక్కటే. అది మాత్రం దగ్గరుండి వేయిస్తాను.

మీ,
సరళ

తా.క.: ధర్మేందర్‌ను వదిలేయండి. అతను ఫోన్ చేసి, ఇంకో పూట ఉంటానని అడుగుతున్నాడు. ఒప్పుకోకండి.


గౌడవెల్లి,
సెప్టెంబరు

మా ఇంటి బిడ్డ సరళమ్మకు జలాల్ చాచా, సాలేహా చాచీ దువాలు, దీవెనలు.

మీ ఉత్తరం వచ్చాక కొన్నాళ్లు నేను ఇంట్లోంచి బయటకు రాలేదు. సాలేహాకు నిజం చెప్పడం రేపు రేపంటూ వాయిదా వేశాను. చివరికి చెప్తే ఆమె, “పోనీ తియ్, తొట్టి మీది చెక్క మీద సబ్బు వెట్టుకుంట” అంది. అంతే.

మీరు ఎండలో గొడుగు కూడా లేకుండా నిలబడి పని చేయించడం వాడంతా చూసింది. నీళ్లు ఎక్కువయ్యాయని ఒక రోజు పోసిన మట్టిని మళ్లీ తీయించారు. ఆ రోజు మీ మీద విసుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను. రోడ్డు పూర్తయినా నమ్మకం లేక, వానలు మొదలయ్యే ముందు భిక్షమూ నేనూ ఆ కుర్చీ కాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసి పెట్టుకున్నాం.

ఆగస్టులో ఆ పెద్ద వాన మీకూ గుర్తుండే ఉంటుంది. సాయంత్రం సాలేహాకు ఊపిరి అందలేదు. పెదవులు నల్లబడ్డాయి. అంబులెన్సుకు ఫోన్ చేసి, పాత అలవాటు కొద్దీ మెయిన్ రోడ్డు మీద ఆగమని చెప్పి, మేము కుర్చీ ఎత్తబోయాం. అంతలో మా గుమ్మం ముందే హారన్ మోగింది. డ్రైవరు దిగి, “ఎత్తుకొస్తమంటిరి, రోడ్డు జూస్తె అద్దం లెక్కున్నది, ఏమాయె” అన్నాడు. వానలో నిలబడి నేను ఏడ్చాను. వాన కదా, ఎవరికీ తెలియలేదు. మేడ్చల్ దవాఖానలో డాక్టరు, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు. సాలేహా కళ్లు తెరిచి మొదట అన్న మాట, “నా చెప్పులకు బురద అంటలేదు జూడు.”

ఆ ఉత్తరం తిరిగి ఇవ్వకండి. అందులోని ప్రతి మాటా మీకే.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటర్నెట్ కోసం నేను ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టాను. పోయిన వారం వాళ్లు తవ్వే మిషన్‌తో వచ్చి మన రోడ్డు మీద సున్నంతో గీత గీశారు. నేను వెళ్లి ఆ గీత మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వచ్చిన పిల్లగాడు, “చాచా, ఫైబర్ గావాలని దరఖాస్తు వెట్టింది నువ్వే గదా” అన్నాడు.

“గావాలె బిడ్డా. గని గీ రోడ్డు కింద ఉన్నది గూడ ఫైబరే. గా ఫైబర్ కోసం గీ ఫైబర్‌ను దవ్వనియ్య.”

భిక్షం బర్రెలను తోలుకొచ్చి నా వెనక నిలబెట్టాడు. వాళ్లు చాలాసేపు ఫోన్లు మాట్లాడుకుని, చివరికి కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగి వెళ్లారు. రోడ్డుకు గీటు కూడా పడలేదు. సున్నం కడిగేశాను.

మీ రుణం తీరనిది.

మీ చాచా,
జలాల్

తా.క.: ఇంటర్నెట్ వచ్చింది. మొన్న సాలేహా ఫోన్లో డాక్టరును చూసింది. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, “ఫోన్ల గుండె చప్పుడు ఎట్ల ఇనాలెనమ్మా, మీ వాడకు రోడ్డు వడ్డదట గదా, ఆటో ఎక్కి రాండ్రి” అన్నాడు. ఆటో గుమ్మం ముందే నిలబడి ఉంది. సాలేహా జల్దీ అంటోంది. ఉంటాను.