ఖాళీగా ఉన్న పదిహేడో తేదీ పేజీ

తూంకుంట నివాసి, కీర్తిశేషులు రాజయ్య కుమారుడు, అరవై ఎనిమిదేళ్ల చెట్టిపల్లి వెంకటనర్సయ్య అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో, నా ఇష్టప్రకారం రాయించిన చివరి వీలునామా ఇది. శామీర్‌పేట దగ్గర ఒక క్లబ్బులో ఇరవై రెండేళ్లు సిగార్ల గది చూసుకుని రిటైరయ్యాను. నా కళ్లు, చెవులు, జ్ఞాపకం సక్రమంగా ఉన్నాయి. ముక్కు మాత్రం పనిచేయదు. 2021 మే నెలలో వచ్చిన జ్వరంతో పోయిన వాసన మళ్లీ రాలేదు. ఈ సంగతి ఈ రోజు వరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల నా భార్య కమలాబాయి చనిపోయింది, నా కోడలు పద్మలత చేయని తప్పు మోస్తోంది. ఆ తప్పును ఆమె మీద నుంచి దించడం కోసమే ఈ కాగితం రాయిస్తున్నాను.

దస్తావేజులు రాసే నరసింహ, "గివన్నీ వీలునామాల రాయరు సార్, ఆస్తి ముచ్చట చెప్పుండ్రి" అన్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత క్లబ్బులో నా దగ్గర పని నేర్చుకున్న బాలేష్‌ది. అతనికి నా సిగార్ కత్తెర, సిగార్ ముట్టించే దేవదారు పుల్లల కట్ట, నేను పద్దెనిమిదేళ్లు రాసిన నోటుపుస్తకం చెందుతాయి.

బాలేష్, నీకు నూరుసార్లు చెప్పిందే మళ్లీ చెబుతున్నాను. సిగార్‌ను ముందు చేత్తో చూడు. వేళ్ల మధ్య మెత్తగా నొక్కితే గట్టి ముడి తగలకూడదు. ముట్టించకముందే పై ఆకు వాసన, కాలు వైపు, అంటే ముట్టించే కొస వాసన, రెండూ విడివిడిగా చూడు. తల, అంటే నోట్లో పెట్టుకునే కొస, దాని మీది టోపీ ఆకు మాత్రమే కొయ్యి, మెడ కోయకు. పుల్ల మంటను దూరంగా పట్టి చుట్టూ తిప్పుతూ కాల్చు. పొగను నోట్లో ఆపి వదిలెయ్యి, ఛాతీలోకి పీల్చేవాడికి రుచి తెలియదు, దగ్గు మాత్రం తెలుస్తుంది. నిమిషానికి ఒక్క గుక్క చాలు. మొదటి భాగంలో వేయించిన పల్లీల పొట్టు, నడుమ తడి బెల్లం, కొత్త చెప్పుల తోలు, చివరికి మిరియాలు వస్తాయి. ఒక్కోదానికి ఒక్కో వరస. అయిపోయాక నలిపి ఆర్పకు, పక్కన పెడితే దానంతటదే ఆరిపోతుంది. ఇంత పద్ధతి మనుషుల దగ్గర పాటించి ఉంటే నేను ఈ వీలునామా ఇంత పొడుగు రాయించేవాణ్ణి కాదు.

ఒక్క షరతు. నీ ముక్కు ఎప్పుడైనా పోతే ఆ రోజే చెప్పు. ముక్కు లేని మనిషికి ఆ గదిలో పని లేదని భయపడి నేను దాచాను. పాత పేజీలు బట్టీ పట్టి అతిథులకు అప్పజెప్పాను. వాళ్లు ఎప్పటిలాగే తలలూపి మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎంత సిగ్గుగా ఉండేదో నీకు తెలియకూడదు.

2. క్లబ్బు మేనేజరుకు ఏమీ లేదు. నా నోటుపుస్తకంలోని మాటలను ఇంగ్లీషులోకి మార్పించి, కింద తన పేరు వేసుకుని అతిథులకిచ్చే కార్డు అచ్చు వేయించాడు. తడి బెల్లం అన్న మాట నాది. ఆ మాట నేను మా అమ్మ వంటింట్లో సంపాదించుకున్నాను.

3. నా మనవరాలు అశ్రితకు నేను సిగార్లు దాచిన దేవదారు పెట్టె. ఐదేళ్ల వయసులో ఆ పెట్టెలో తల పెట్టి, "తాతా, గిది కొత్త పెన్సిల్ వాసనొస్తాంది" అంది. నేను పద్దెనిమిదేళ్లలో పట్టుకోలేని మాట అది. ఆ రోజే పుస్తకంలో రాసి, పక్కన మనవరాలి పేరు కూడా రాశాను. బిడ్డా, అందులో పెన్సిళ్లే పెట్టుకో.

4. ఇప్పుడు చెప్పవలసింది చెబుతాను.

మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. నేను పెరట్లో సిగార్ ముట్టిస్తే వంటింటి కిటికీ మూసేవాళ్లం. కమలకు ఆ పొగ గిట్టదు. "గీ కంపుకు గింత మర్యాదనా" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిరిగేది. వాసన పోయాక నెలకొకసారి, తిరిగి వచ్చిందేమో చూసుకోవడానికి ఒక సిగార్ కాల్చేవాణ్ణి.

2021 నవంబరు పదిహేడు, బుధవారం. పద్మలత పొద్దున ఏడింటికి పాలు కాచి, బిడ్డను తీసుకుని బౌరంపేట్‌లో తను పాఠాలు చెప్పే బడికి వెళ్లిపోయింది. ఎనిమిదింటికి నేను వంటింట్లోకి వెళ్లి కిటికీ మూశాను. ఎడమ పక్క బర్నర్ వెలిగించి దేవదారు పుల్ల అంటించుకుని, బర్నర్ ఆర్పాననుకున్నాను. నాబ్ పూర్తిగా తిప్పలేదు. మంట ఆరింది, గ్యాస్ ఆగలేదు. పెరట్లో అరగంట కూర్చుని కాల్చాను. నోటికి వేడిగాలి తప్ప ఏమీ తగల్లేదు. సిగార్ పెరట్లోనే పెట్టి, మళ్లీ ఆ వంటింట్లోంచే నడిచి వచ్చి మంచినీళ్లు తాగి పెరట్లోకి వెళ్లాను. అప్పటికి గది నిండా గ్యాస్ ఉండాలి. నాకు తెలియలేదు. తొమ్మిదింటికి కమల డాబా మీది నుంచి దిగి, నా పొగకు ఎప్పటిలా కొంగు అడ్డం పెట్టుకుని, చాయ్ పెడదామని లైటర్ నొక్కింది. నేను కిటికీ అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. "పద్మను ఏమనకుండ్రి" అన్నది ఆమె చివరి మాట.

ఎడమ నాబ్ కొద్దిగా తెరిచి ఉందని చూసినవాళ్లు చెప్పారు. పద్మలత, "నేను కుడి పొయ్యి మీద కాసిన మామయ్యా, బంద్ జేసిన, మంచిగ యాది ఉంది" అంది. నన్ను అడిగితే, పొద్దున్నుంచి పెరట్లోనే ఉన్నానని, వంటింట్లోకి రాలేదని చెప్పాను. ఎవరూ రెండోసారి అడగలేదు. వెంకటనర్సయ్య లోపలికి వచ్చి ఉంటే ఆ ముక్కుకు వాసన తగలకుండా ఉంటుందా అన్నారు. నా పేరే నన్ను కాపాడింది. ఇక చివరగా పొయ్యి దగ్గరికి వెళ్లింది పద్మలతే అని తేలిపోయింది. నాలుగు రోజులకు ఆ పిల్లే, "ఏమో మామయ్యా, యాది లేదు" అంది. ఆమె చేత ఆ మాట అనిపించింది నేను.

కమల పేరున విస్తరిలో అన్నం వడ్డించి పిట్టకు పెట్టిన రోజు రెండు గంటలైనా కాకి వాలలేదు. కోడలి తప్పుకు ఆమె మనసు కుదుటపడలేదని పెద్దలు తేల్చారు. పద్మలతను విస్తరి ముందు నిలబెట్టి చేతులు జోడించి మన్నించమని అడిగించారు. ఏడుస్తూ అడిగింది. కాసేపటికి పిట్ట ముట్టింది. అందరూ తలలూపారు, నేనూ ఊపాను. నా కొడుకు అరుణ్ ఆ సాయంత్రం, "ఇగ నా కండ్ల ముందల ఉండకు" అన్నాడు. ఆమె బిడ్డను తీసుకుని దేవరయాంజాల్‌లోని తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. నాలుగేళ్లుగా అక్కడి నుంచే రెండు బస్సులు మారి బడికి పోతోంది. తల్లి ఇంట్లో కూడా ఆమె పొయ్యి వెలిగించదని, ఎవరైనా పక్కన ఉంటేనే వంటింట్లోకి వెళుతుందని విన్నాను. విన్న రోజున అన్నం తినలేకపోయాను. అయినా మరో సంవత్సరం నోరు తెరవలేదు.

నా భార్య చావుకు కారణం నేను. పద్మలత కాదు. ఆమె బర్నర్ ఆర్పింది.

5. తూంకుంటలోని నా స్వార్జిత ఇల్లు, పెరడుతో సహా, సర్వహక్కులతో పద్మలతకు చెందుతుంది. ఇది పరిహారం కాదు. ఆమెను వెళ్లగొట్టిన ఇంటిని తిరిగి ఆమెకే అప్పగించడం మాత్రమే. ఉంటుందో, అమ్ముకుంటుందో ఆమె ఇష్టం. ఎవరూ సలహా చెప్పకూడదు.

6. స్టీలు డబ్బాలో, ఆకు ఎండిపోకుండా పెట్టిన తడి కుండపెంకు పక్కన ఒక్క సిగార్ మిగిలింది. ఆ రోజు నేను కాల్చింది దాని జతది. నోటుపుస్తకంలో పదిహేడో తేదీ పేజీ ఖాళీగా ఉంది. దాని రుచి నాకు తెలియదు. బాలేష్ దాన్ని మా పెరట్లో, వంటింటి కిటికీ తెరిచి పెట్టి కాల్చాలి. తగిలింది తగిలినట్టు ఆ పేజీలో రాయాలి. ఏమీ తగలకపోతే ఏమీ తగల్లేదని రాయాలి.

7. నాకు పిట్టకు పెట్టేటప్పుడు సిగార్ పెట్టవద్దు, ఉత్త అన్నం చాలు. పిట్ట ముట్టకపోతే ముట్టకపోనీ. పద్మలతను పిలిచి చేతులు జోడించమని ఎవరైనా అంటే, ఈ కాగితం వాళ్ల చేతిలో పెట్టాలి.

8. నా కొడుకు అరుణ్‌కు ఏమీ రాయలేదు. కోపంతో కాదు. వీలునామాలో వాటా ఉన్నవాళ్లు దాని మీద సాక్షి సంతకం చేయకపోవడం మంచిదని నరసింహ చెప్పాడు. నాకు వాడు వారసుడిగా కంటే సాక్షిగా కావాలి. సాక్షులు మామూలుగా లోపల ఏముందో చదవరు. అరుణ్ మాత్రం మొదటి నుంచి చివరి దాకా, గట్టిగా, నా ముందు కూర్చుని చదవాలి. నేను చచ్చాక తెలిస్తే వాడు ఎవరిని అడుగుతాడు? చదివాక నన్ను ఏమన్నా అననీ. సంతకం చేయడం, చేయకపోవడం వాడి ఇష్టం. చేస్తే మాత్రం ఈ ప్రతి ఒకటి తీసుకుని ఈ రోజే దేవరయాంజాల్ వెళ్లాలి.

పై విషయాలు చదివి వినిపించగా విని, సరిగా ఉన్నాయని ఒప్పుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తూంకుంట, 2025 నవంబరు 16, ఆదివారం.

(సంతకం) చెట్టిపల్లి వెంకటనర్సయ్య

సాక్షులు:

1. నరసింహ, దస్తావేజు లేఖరి, మేడ్చల్. ఉదయం 10 గంటల 20 నిమిషాలకు సంతకం చేశాను.

2. చెట్టిపల్లి అరుణ్, తండ్రి వెంకటనర్సయ్య. మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలకు సంతకం చేశాను. మొత్తం చదివాను. ప్రతి నా దగ్గర ఉంది, దేవరయాంజాల్ పోతున్న.