వేలాడిన గుండీ

డాక్టరుగారికి,

నా భార్య పోయాక మీరు పంపిన కాగితాల్లో, చివరి ఏడాది తన స్థితి తనకే తెలియలేదని రాశారు. ఆ ఒక్క వాక్యం మార్చమని కోరుతున్నాను.

ఆమె నలభై ఏళ్ళు టైలరు. మతిమరుపు ముదిరి మాట పడిపోయిన ఎనిమిది నెలలకు, ఒక సాయంత్రం నా చొక్కాకు వేలాడుతున్న గుండీని పట్టుకుంది. అలవాటుగా దారాన్ని గోటితో లాగి చూసింది. తర్వాత వణుకుతున్న తన వేళ్ళకేసి చాలాసేపు చూసింది.

"వేరే టైలర్ని చూసుకోండి" అంది. నవ్వింది కూడా.

పక్కనే ఉన్న నర్సమ్మ కూడా విన్నది, అడగండి. ఇక కుట్టలేనని నా భార్యకు తెలుసు. ఆ మాట నన్ను నొప్పించకుండా చెప్పడమూ తెలుసు.

వేరే టైలరు దగ్గరికి వెళ్ళలేదు. గుండీ నేనే కుట్టాను. వంకరగా వచ్చింది. ఆమె చూస్తే విప్పించేది.