నీటి పైన ముప్పై సెకన్లు

గంగాలిన్, కాన్‌బెర్రా
24 జూలై 2025, గురువారం

గోపాలరావుకు,

ద్వారకానాథ్‌ని రాస్తున్నాను. నువ్వూ శ్రీదేవీ బాగానే ఉన్నారని మా అమ్మాయి అమూల్య చెప్పింది కాబట్టి ఆ ప్రశ్న అడగను. నేను క్షేమమని రాయడం మర్యాద. డెబ్బై ఒకటో ఏట, ఈ జూలై చలిలో, హీటరు పక్కన, రెండు స్వెటర్ల లోపల కూర్చున్నవాడి క్షేమం గురించి అంతకంటే రాయడానికి ఏమీ ఉండదు.

నువ్వు తప్పిన మాటతోనే మొదలుపెడతాను. పన్నెండేళ్ల కిందట మా వంటింట్లో నిలబడి ప్రసూనకు మాట ఇచ్చావు. వదినగారూ, మీరు లోపల ఉన్నంతసేపూ నా కళ్లు నీళ్ల మీదే, పైకొచ్చాక ఇంకో ముప్పై సెకన్లు మీ మీదే, వాచీ చూసి మరీ, అన్నావు. శ్రీదేవి పెసరట్టు తిరగేస్తూ, ఎదురుగా పాలు పొంగుతున్నా కనపడవు అక్కా ఈయనకి, ఆ కళ్లని నమ్ముకోకు, అంది. అందరం నవ్వాం. 2017 జూలై 23, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో ప్రసూన నీళ్లలోంచి తల బయటపెట్టినప్పుడు నువ్వు మొహం తిప్పుకున్నావు.

ఆ ముప్పై సెకన్ల సంగతి నీకు తెలిసిందే. నేను మాత్రం ఆమె పోయాక పుస్తకాలు ముందేసుకుని పూర్తిగా నేర్చుకున్నాను, నేర్చుకున్నది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు తోచదు. గాలి సిలిండరు లేకుండా ఒక్క ఊపిరితో మునిగేవాళ్లకు ప్రమాదం అడుగున తక్కువ, పైన ఎక్కువ. అడుగున నీటి ఒత్తిడి ఉన్నంతసేపూ ఊపిరితిత్తుల్లో మిగిలిన కాస్త ప్రాణవాయువూ రక్తంలోకి వెళ్తూనే ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ ఆ ఒత్తిడి పోతుంది, రక్తానికి ప్రాణవాయువు అందడం ఆగిపోతుంది. మనిషి తల బయటపెడుతుంది, గాలి పీలుస్తుంది, ఒక్కోసారి నవ్వుతుంది కూడా, ఆ తర్వాత స్పృహ తప్పుతుంది. పీల్చిన గాలి మెదడుకు చేరేలోపు జరిగిపోతుంది. కేక ఉండదు, చేతులు కొట్టుకోవడం ఉండదు. కళ్లు పెట్టి చూస్తున్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రోజు ఆమె లోపల ఉన్నది రెండు నిమిషాల పది సెకన్లు. పైకొచ్చి మాస్కు తీసింది. నువ్వు ఒడ్డు వైపు తిరిగావు. మళ్లీ ఇటు తిరిగేసరికి నీటి మీద మాస్కు ఒక్కటే తేలుతోంది. నడుముకు కట్టుకున్న సీసపు బరువులు ఆమెను కిందికి లాగాయి. ప్రవాహం ఆమెను కూలిపోయిన సరుగుడు చెట్టు కొమ్మల కిందికి నెట్టింది. నువ్వు మూడుసార్లు మునిగి ఉత్త చేతులతో లేచావు. నాలుగోసారి దొరికింది.

విచారణలో ఎందుకు తిరిగారని అడిగారు. తిరిగాను, తప్పు నాది, అన్నావు. కారణమేమిటన్నారు. కారణం లేదన్నావు. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ అదే జవాబు. నేను నీ వెనక వరసలో కూర్చుని నీ మెడ వంక చూస్తూ, వీడు పిరికివాడు అనుకున్నాను. బయటికొచ్చి అదే మాట పదిమందితో అన్నాను. వాడు ఫోన్ చూసుకుంటున్నాడని కొందరితో, ఫ్లాస్కులోంచి టీ వంపుకుంటున్నాడని కొందరితో చెప్పాను. పాతికేళ్లు ఒకే ఆఫీసులో ఒకే అంతస్తులో పనిచేసినవాళ్లం. ఆరు నెలలు తిరక్కుండా నువ్వు ఇల్లు అమ్ముకుని సిడ్నీలో రౌస్ హిల్ వెళ్లిపోయావు. నేను గెలిచాననుకున్నాను.

సంతాప సభలో మన తెలుగు సంఘం కనకరాజు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అందులో పద్దెనిమిది తను ఈ దేశం వచ్చిన కొత్తలో పడ్డ కష్టాల గురించి. చివర్లో, జ్ఞానప్రసూన గారికి ఈత అంటే సరదా, అన్నాడు. ఈతట. సరదాట. ముప్పై ఏళ్లు ఆపరేషను బల్లల దగ్గర పరాయివాళ్ల ఊపిరికి కాపలా కాసిన మత్తు డాక్టరు, యాభై మూడో ఏట తన ఊపిరి తాను బిగబట్టడం నేర్చుకుందంటే దానికి సరదా అనే మాట సరిపోతుందా. ఆ రోజు ఆ హాల్లో నువ్వు లేవు. ఉంటే ఆ మాటకు నా వైపు చూసి ఉండేవాడివి. నిన్ను రానివ్వనన్నది నేనే, అయినా కుర్చీల మధ్య నీకోసం వెతికాను.

చలికాలంలోనే ఎందుకని మొదటి ఏడాది ఆమెను అడిగాను. వేసవిలో ముర్రుంబిడ్జీ నదంతా బురద, నాచు, పడవలవాళ్లు అంది. చలి ముదిరాక నీళ్లు తేరుకుంటాయి, చేపలు కదలడం మానేస్తాయి, పదకొండింటికి ఎండ మడుగులోకి లోతుగా దిగుతుంది, అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ కనపడతాయి అంది. మీరొకసారి ఒడ్డు మీద నిలబడండి చాలు, లోపలికి రావద్దు, అంది. వచ్చే ఆదివారం అన్నాను. బ్రెడ్‌బో ఊరు దాటి ఇంకో ఇరవై నిమిషాలు, దారంతా తెల్లటి మంచు పేరిన గడ్డి, ఒడ్డున గాజుపెంకుల్లాంటి మంచుపలకలు. అలాంటి చోటికి ఒక పుస్తకాన్ని వదిలిపెట్టి ఎందుకు రావాలో నాకు అర్థం కాలేదు. ఐదు చలికాలాలు వచ్చే ఆదివారం అంటూ గడిపాను.

కానీ గోపాలం, ఆదివారం నాలుగింటికి ఆమె తిరిగి వచ్చేది. తడితలతో గుమ్మంలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టేది. బూట్లు విప్పేది కాదు. ఈరోజు ఒక ట్రౌట్ చేప నా చెయ్యంత దూరంలో ఉండిపోయిందండీ, దాని మొప్పలు ఆడుతున్నాయి, అదీ నేనూ ఒకళ్లనొకళ్లం చూసుకుంటూ ఉన్నాం, అనేది. నేను పుస్తకం తెరిచి పెట్టుకుని చదువుతున్నట్టు కూర్చునేవాణ్ణి. గంటసేపు ఒక్క పేజీ తిరిగేది కాదు. ఆ సంగతి ఆమె గమనించిందో లేదో నాకిప్పటికీ తెలియదు. చెప్పడం అయ్యాక వెనక నుంచి వచ్చి రెండు అరచేతులూ నా మెడ మీద పెట్టేది. నది చల్లదనమంతా ఆ చేతుల్లో ఉండేది. నేను విసుక్కునేవాణ్ణి. పోయిన ఏడాది జూన్‌లో ఒక సాయంత్రం చన్నీళ్ల కుళాయి కింద నా చేతులు చాలాసేపు పెట్టి, నా మెడ మీద నేనే పెట్టుకున్నాను. అంత పనికిమాలిన పని ఇంకొకటి ఉండదు. నా చేతులు నా చేతుల్లాగే ఉన్నాయి.

ఇక విషయానికి వస్తాను. అమూల్యకు ముప్పై రెండేళ్లు, నా మాట వినే వయసు ఎప్పుడో దాటింది, అసలు వచ్చిందో లేదో కూడా అనుమానమే. మూడేళ్లుగా తనూ మునగడం నేర్చుకుంటోందని మొన్న ఆదివారం భోజనాల దగ్గర చెప్పింది. రెండేళ్లుగా నెలకోసారి మీ ఇంటికి వస్తోందని కూడా అప్పుడే చెప్పింది. నాతో మాత్రం సిడ్నీలో వర్క్‌షాప్ అనేది. ఒక ప్రభుత్వోద్యోగికి ఇన్ని వర్క్‌షాపులేమిటని పన్ను కట్టేవాడిగా నేను బాధపడుతూ వచ్చాను.

నాన్నా, ఐ యామ్ నాట్ ఆస్కింగ్ పర్మిషన్, అంది. ఆగస్ట్ టెన్త్, సండే, అదే పూల్, అమ్మ లాస్ట్‌గా చూసింది నేనూ చూడాలి, బట్ ఐ వాంట్ గోపాల్ అంకుల్ అప్ టాప్, అంది. వాడా, ఈ ఊళ్లో కళ్లున్నవాళ్లు ఇంకెవరూ లేరా, అన్నాను. కంచం పక్కకి జరిపింది. అంకుల్ విల్ కమ్ ఓన్లీ ఇఫ్ యు ఆస్క్ హిమ్, మీ నాన్న పిలిస్తే వస్తా అన్నారు, అంది. నేను పిలవనన్నాను. దెన్ ఐ విల్ గో విత్ సమ్‌వన్ ఎల్స్, అని కంచం సింకులో పెట్టి వెళ్లిపోయింది. ఆ పట్టుదల ఎవరిదో నీకు నేను చెప్పనక్కర్లేదు.

నాలుగు రోజులు ఆలోచించాను. అది నేర్చుకుంటున్న క్లబ్బులో కుర్రవాళ్లు బలమైనవాళ్లే, నాలుగుసార్లు కాదు నలభైసార్లు మునగగలరు. కానీ ఒకసారి చూపు తిప్పి మనిషిని పోగొట్టుకున్నవాడు రెండోసారి తిప్పడు. నీ మీద నాకున్న నమ్మకం అంతవరకే, అది చాలు. కాబట్టి పిలుస్తున్నాను. వచ్చే నెల పదో తేదీ, ఉదయం పది గంటలకు, ఆ మడుగు దగ్గరికి రా. నా బిడ్డను చూడు.

ఇట్లు,
నిన్ను పిలవక తప్పని
ద్వారకానాథ్

తా.క. శుక్రవారం ఉదయం.

పైదంతా నిన్న రాశాను. ఎనిమిదేళ్లుగా చెప్తున్న కథే కాబట్టి చెయ్యి ఆగకుండా సాగింది. పొద్దున్న లేచి చదివితే అందులో ఒక మనిషి లేడు.

ఈ ఉత్తరం రేపు అమూల్య చేతికే ఇచ్చి పంపుతున్నాను. దానికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. నేర్పుతానంటూనే నేర్పలేదు. ఇక్కడి నుంచి దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి చదువు. నన్ను కాపాడాలని ఒక్క వాక్యం కూడా దాటేయకు. ఆ పని ఎనిమిదేళ్లు చేశావు.

అమూల్యా, అమ్మ పోయిన ఏడాది మే నెలలో క్వేకర్స్ హిల్‌లో ఒకరి గృహప్రవేశానికి మనవాళ్లందరం వెళ్లాం. భోజనాల దగ్గర నేను పదిమంది ముందు ఒక మాట అన్నాను. చలికాలంలో మా గోపాలం నదికి ఎందుకు పరిగెడతాడో తెలుసా, మా ఆవిడని ఆ రబ్బరు బట్టల్లో చూడ్డానికి, అన్నాను. నవ్వారు. శ్రీదేవి ఆంటీ ప్లేటు కింద పెట్టేసింది. మీ అమ్మ నా వంక చూసింది. తమాషాకి అన్నానని ఇప్పుడు చెప్పను. వాళ్లిద్దరూ చూసినదేదో నేను చూడలేదన్న కడుపుమంటతో అన్నాను. నన్ను రావద్దని ఎవరూ అనలేదు.

అప్పటి నుంచి అంకుల్ మీ అమ్మ నీళ్లలో ఉన్నంతసేపూ కళ్లు తిప్పేవాడు కాదు, ఆమె పైకి రాగానే ఒడ్డు వైపు తిరిగి నిలబడేవాడు. మీ అమ్మే చెప్పింది, పోవడానికి ముందు ఆదివారం. మీరన్న మాటకి ఆయన నా వైపు చూడ్డమే మానేశారండీ, ఆ ముప్పై సెకన్లు చూడకపోతే ఆయన అక్కడ ఉండీ లేనట్టే, నేను చెప్తే తల ఊపుతున్నారు గానీ చూడట్లేదు, మీరొక్క ఫోన్ చేసి చూడమని చెప్పండి, అంది. చేస్తానన్నాను. సోమవారం గుర్తుంది. బుధవారం గుర్తుంది. శనివారం సాయంత్రం ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. వీణ్ణి నేను బతిమాలడమేమిటని పక్కన పెట్టేశాను.

విచారణలో కారణం చెప్తే మీ అమ్మ పేరు నలుగురి నోళ్లలో పడుతుందని ఆయన చెప్పలేదు. వెనక వరసలో కూర్చున్న నాకు ఆ కారణం తెలుసు. ఫోన్ చూసుకోవడం, టీ వంపుకోవడం నేను పుట్టించినవి.

గోపాలం, పదో తేదీ ఆదివారం దాన్ని చూడు. లోపల ఉన్నప్పుడూ చూడు, పైకి వచ్చాకా చూడు, ఎవరు ఏమన్నా చూడు. అది రమ్మంటే నేనూ వచ్చి ఒడ్డున నిలబడతాను. వద్దంటే ఇంట్లో ఉంటాను.

అమూల్యా, అమ్మ పోయి ఇన్నేళ్లయినా హూ ఆర్ యు స్టిల్ యాంగ్రీ విత్ నాన్నా అని నువ్వు చాలాసార్లు అడిగావు. ప్రతిసారీ నీకు ఒకే పేరు చెప్పాను. అది అబద్ధం. మీ అమ్మకు మాట ఇచ్చి, వారం రోజుల్లో ఒక్క ఫోన్ చెయ్యనివాడి పేరు ద్వారకానాథ్.