ఎర్ర మగ్గు ఏ పేజీలో?

3వ తారీఖు, సోమవారం. ఉదయం 9:15

ఖరారు. ఈ క్షణం నుంచి గోడ మీద ఒక్క ఫొటో కూడా కదపను.

మొత్తం నలభై ఎనిమిది. తాళాల మేస్త్రి ఇరవై ఏళ్లుగా తీసినవి. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ల తలుపు తెరవగానే లోపల కనబడే మొదటి దృశ్యం. ఇంటివాళ్లు సరేనంటే ఒక్క క్లిక్కు. అంతే! పుస్తకంలో ఏది ముందో ఏది వెనకో తేల్చడానికి చిన్న ప్రింట్లు తీసి వెనక గది గోడకు అంటించాం. ముందు గది గ్యాలరీ. ప్రచురణ సంస్థ అంటే అక్కా, నేనూ.

పదో తారీఖు ఉదయం పదింటికి ఫైలు ప్రెస్సుకు చేరాలి. తప్పితే వాళ్లు బడి పుస్తకాలు ఎత్తుకుంటారు, మూడు నెలలు మా మొహం చూడరు. ఇరవయ్యో తారీఖున ప్రదర్శన. మేస్త్రి ఆ నలభై ఎనిమిది ఇళ్లకూ వెళ్లి "పుస్తకంలో మీ ఇల్లు చూసుకుందురు రండి" అని పిలిచేశాడు కూడా.

"ఒట్టు వెయ్యవే," అంది అక్క. వేశాను. సాక్ష్యానికి గోడను ఫోనులో తీశాను.

4, మంగళవారం

ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పే మాస్టారొకడు వచ్చాడు. "వరసదేముందమ్మా? ఎలా పెట్టినా ఫొటోలు ఫొటోలేగా!"

ఒళ్లు మండింది. "మీ పెళ్లి ఆల్బంలో మొదటి పేజీలో భోజనాలు పెట్టుకున్నారా సార్?"

నేను కాలేజీ గడప తొక్కలేదు. ప్రెస్సులో కటింగ్ మిషను దగ్గర నాలుగేళ్లు నిలబడి పుస్తకాల అంచులు కోశాను. పేజీ తిప్పితే ఏమొస్తుందన్నదే పుస్తకం. అది అక్కడే తెలిసింది.

కదిపినవి: సున్నా.

5, బుధవారం. మధ్యాహ్నం 3:00

పదిహేడోది ఎర్ర మగ్గు. ఒక ముసలావిడ కుళాయి కట్టకుండా ఇంటికి తాళం వేసుకుని వెళ్లింది, తాళంచెవి పోగొట్టుకుంది. మేస్త్రి తెరిచేసరికి హాలంతా నీళ్లు, నడిమధ్య పడవలా ఎర్ర మగ్గు. దాని ముందు, పదహారులో, ఎండిపోయిన పూలకుండీ. మరీ వెటకారంగా లేదూ?

మగ్గును ఇరవై మూడుకు జరిపాను. ఇది కదపడం కాదు. సర్దడం.

7, శుక్రవారం. ఉదయం 9:30

మగ్గు ముప్పై ఒకటిలో ఉంది!!

"గాలికి ఊడిపడితే అంటించానే," అంది అక్క.

"కింద పడ్డది ముప్పై ఒకటిలోకెలా ఎక్కిందక్కా?"

"పదిహేడులో ఉండాల్సింది ఇరవై మూడుకెలా నడిచిందో ముందు అది చెప్పు."



8, శనివారం

మేస్త్రి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, "నేనేం ముట్టుకోను తల్లీ," అన్నాడు. టీ తెచ్చేలోగా ఆరు ఫొటోలు మారాయి.

"ఇవన్నీ ఒకే వీధి ఇళ్లు. ఇరుగూపొరుగును విడదీస్తే ఎట్లా?"

కోపం రావాలి. రాలేదు. ఆయన చెప్పింది నిజం. దాంతో మిగతా నలభై రెండూ మార్చాను. వీధుల సంగతి తెలియక వేసిన ఒట్టు చెల్లదు.

10, సోమవారం

9:20. ఏమీ కదపను.
9:41. ఫైల్లో మగ్గు పన్నెండులో.
9:49. "నలభైలో పెట్టవే!" అక్క.
9:55. "పంపవే తల్లీ, నీకు దణ్ణం పెడతా!" మళ్లీ అక్కే.
9:58. పంపేశాను. గెలిచాం!

19, బుధవారం

పుస్తకాలొచ్చాయి. మూడు వందలు. అంచులు ఎంత నీట్‌గా కోశారో!

తొమ్మిదో పేజీలో ఎండిన కుండీ. నలభైలో... మళ్లీ ఎండిన కుండీ.

మొదటి నుంచి తిప్పాను. చివరి నుంచి తిప్పాను. మగ్గు లేదు. ఎక్కడా లేదు. ఆ హడావిడిలో మగ్గును తీసి, దాని బదులు కుండీని రెండోసారి పెట్టానన్నమాట.

మేస్త్రికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాదేనన్నాను.

"రేపు అందరికంటే ముందొచ్చేది ఆవిడే తల్లీ," అన్నాడు.

20, గురువారం

ఆవిడే ముందొచ్చింది. కుర్చీ లాక్కుని, వేలు తడి చేసుకుంటూ ఒక్కో పేజీ తిప్పింది.

"నా ఇల్లేదమ్మాయ్?"

"నేనే పోగొట్టాను మామ్మగారూ."

"నేను తాళంచెవే పోగొట్టాను. నువ్వు ఇంటికి ఇల్లే పోగొట్టావు!"

గదంతా ఘొల్లున నవ్వింది. మేస్త్రి మాత్రం నవ్వలేదు. నేల చూస్తున్నాడు.

"గోడ మీద పెద్దది ఉంది కదండీ," అన్నాను.

"గోడను చంకన పెట్టుకుని పొమ్మంటావా?"

రేపు మధ్యాహ్నంలోగా మగ్గు ఉన్న పుస్తకం మీ ఇంటికి చేరుస్తానన్నాను.

21, శుక్రవారం

ఉదయం 9:00. మూడు వందల మగ్గులు ప్రింటు తీశాం. జిగురు డబ్బా తెరిచాం. ఖరారు: అన్ని కాపీల్లోనూ నలభైలో, రెండో కుండీ మీద. ఒట్టు.

10:30. మామ్మ కాపీ మేస్త్రి తనే పట్టుకెళ్లాడు. ఆవిడ ఫోన్ చేసింది: "వచ్చింది. మగ్గు కొంచెం వంకరగా అంటించావు."

11:40. పదకొండు కాపీలు అయ్యాయి. నలభైలో కాకుండా తొమ్మిదిలో, మొదటి కుండీ మీద అంటిస్తే? ఊరికే ఆనించి చూశాను. జిగురు లేకుండానే.

అక్క నా భుజం మీద నుంచి తొంగిచూస్తోంది. నన్ను తిడుతుందనుకున్నాను.

"...బాగుందే," అంది.

11:55. ఖరారు. పన్నెండో కాపీ నుంచి అన్నీ తొమ్మిదిలోనే. ఇక చచ్చినా కదపను. మొదటి పదకొండూ లెక్కలోకి రావు.